ఏది కలుపు? ఏది కూర?



ఈ పూట ఎరువుల మోతాదు గురించి గాని, విత్తనశుద్ధి గురించి గాని మాట్లాడబోవటం లేదు. మిమ్మల్ని మీ పెరటిలోకే తీసుకువెళ్ళి, అక్కడ మీరు నాటకుండా మొలిచిన మొక్కల పూర్వచరిత్ర కొంత మనవి చేయాలనుకొంటున్నాను. చరిత్ర అనగానే రాజులూ, యుద్ధాలూ గుర్తుకు వస్తాయి. కాని కలుపు మొక్కలకూ చరిత్ర ఉన్నది. వాటిలో కొన్నింటిని మన దేశాన్ని ఏలినవాళ్ళే ఓడలమీద తెప్పించి, కుండీలలో పెట్టి, నీళ్ళు పోసి పెంచారు.

తొలకరి పడిన పదిరోజులకు పెరటి గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూడండి. బెండ మొక్కల మధ్య పాయలకూర నేలబారుగా పాకి ఉంటుంది. నీళ్ళు పారేచోట పొన్నగంటికూర, గోడవార గలిజేరు, దడి పక్కన ఉత్తరేణి, తుమ్మి. వీటన్నిటి మధ్యా గరిక, తుంగ సరేసరి. ఇందులో ఏది కలుపు?

ఇంట్లో ముగ్గురిని అడగండి, మూడు జవాబులు వస్తాయి. బెండకు గొప్పు తవ్వేవాడికి అన్నీ కలుపే. వంటచేసే ఇల్లాలికి సగం కూర. మందులు తెలిసిన ముసలివాళ్ళకు మిగిలిన సగంలో సగం మందు. మేకను అడిగితే ఇంకో జవాబు చెబుతుంది. మొక్క అదే, నేల అదే. మారేదల్లా చూసేవాళ్ళ అవసరం.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకొన్న సంగతి కాదు. డిప్లొమా చేతపట్టుకొని కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ఊళ్ళో ‘ఆదర్శ పెరటితోట’ వేయించాలని ఒక అవ్వ పెరడు ఎంచుకొన్నాను. అవ్వ ఊళ్ళో లేదు, కూతురింటికి వెళ్ళింది. ఇంట్లోవాళ్ళు సరేనన్నారు. కూలీలను పెట్టి, నేల అద్దంలా కనిపించేటట్టు, వేళ్ళతో సహా అన్నీ తవ్వించి పోగుపెట్టించాను. వరసలు తీయించి టమాటా, వంగ నారు పెట్టించాను. అవ్వ తిరిగి వచ్చి చూసి, నన్ను ఒక్క మాట అనలేదు. "పెరడు బాగుంది నాయనా. టమాటా కాసేదాకా కూర మాత్రం కొనుక్కోవాలి" అన్నది. ఆ మాట నాకు అప్పుడు సరిగా తలకెక్కలేదు. రెండు నెలలు ఆ ఇంట్లో ఆకుకూర వండలేదని తరువాత తెలిసింది. పాయలకూర మళ్ళీ మొలిచింది. పొన్నగంటి మాత్రం మొలవలేదు. వేళ్ళు మిగలకుండా తవ్వించింది నేనే గదా! నారుకని తెచ్చిన ప్రభుత్వపు డబ్బు ఖర్చయింది, ఆ ఇంటి కూరాపోయింది. అప్పటినుంచీ ‘కలుపు’ అనే మాట అనేముందు ఒక్క నిమిషం ఆగటం అలవాటు చేసుకొన్నాను.

సరే, చరిత్రకు వద్దాం.

1977వ సంవత్సరంలో లెరాయ్ హోమ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి ప్రపంచంలోని అతి చెడ్డ కలుపు మొక్కల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. అనేక దేశాలనుంచి సమాచారం తెప్పించి, ఏ మొక్క ఎన్ని పంటల్లో, ఎన్ని దేశాల్లో బాధపెడుతున్నదో లెక్కవేసి వరసక్రమం నిర్ణయించారు. మొదటి స్థానం ఎవరికి వచ్చిందనుకొన్నారు? మన తుంగకు. రెండోది ఎవరికి? మన గరికకు.

ఆ లెక్క తప్పని నేననను. తుంగ గడ్డలు చేలో పడితే రైతు ఏడుపు ఏమిటో మీకు తెలుసు. పైన కోస్తే కింద గడ్డనుంచి నాలుగు మొలకలు వస్తాయి. కాని అదే తుంగ గడ్డను మనం తుంగముస్తలని పచారీ కొట్లో తూకంవేసి కొంటాము. ఆయుర్వేదంలో అది మందు, సున్నిపిండిలో వాసన దినుసు. ఇక గరిక సంగతి చెప్పనక్కరలేదు. వినాయక చవితినాడు అది లేనిదే పూజ సాగదు. ఆనాటి పత్రిలో ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వాకుడు కూడా ఉంటాయి. ఏడాదిలో 364 రోజులు పొలం గట్టున కాలితో తన్నేసే మొక్కలు ఆ ఒక్కరోజు పట్నం బజారులో కట్టలుగా అమ్ముడవుతాయి. పీకేచెయ్యీ మనదే, మొక్కేచెయ్యీ మనదే.

ఇంకొక ముచ్చట. కలుపుకూ పంటకూ మధ్య గోడ ఏదో ఆదినుంచీ ఉన్నదని అనుకొంటాము. లేదు. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు నికోలాయ్ వావిలోవ్ 1916లో పర్షియా, పామీరు కొండ ప్రాంతాల్లో తిరిగినప్పుడు ఒక విశేషం గమనించాడు. దిగువ భూముల్లో గోధుమ చేలల్లో ‘రై’ అనే మొక్క కలుపుగా ఉన్నది. కొండ ఎక్కేకొద్దీ చలి ఎక్కువై గోధుమ దెబ్బతింటుంది, రై తట్టుకొంటుంది. ఇంకా పైకి వెళితే గోధుమ మానేసి రైతులు ఆ రైనే పంటగా వేసుకొంటున్నారు. అంటే కింద పీకి పారేసినదే పైన అన్నం పెట్టింది. ఓట్లు కూడా అదేవిధంగా కలుపునుంచి పంటగా మారినవేనని ఆయన తేల్చాడు.

మనకు అంత దూరం వెళ్ళవలసిన పనిలేదు. వరిలో మొలిచే ఊదను చూడండి. చిన్నప్పుడు అచ్చం వరి మొక్కలాగే ఉంటుంది. కొత్తగా కలుపుకు దిగిన పిల్ల ఊద బదులు వరి పీకి చీవాట్లు తింటుంది. ఈ వేషం ఊదకు నేర్పినది ఎవరు? మనమే. వందల ఏళ్ళుగా కలుపు తీసేవాళ్ళు వరికి భిన్నంగా కనిపించినదాన్నల్లా పీకేస్తూ వచ్చారు. వరిని పోలినది చేతికి చిక్కకుండా తప్పించుకొని, గింజ రాల్చుకొన్నది. దాని పిల్లలు ఇంకా కొంచెం వరిని పోలినాయి. అట్లా మన చేతులే ఊదకు వరి చీర కట్టినాయి. ఆ ఊద జాతిదే మరొకదాన్ని మన పెద్దలు మెట్టలో చల్లి, ఊదలని కోసి, దంచి అన్నం వండుకొన్నారు. ఇప్పుడు చిరుధాన్యాల పేరుతో పట్నం దుకాణాల్లో ఆ ఊదల బియ్యానికి వరి బియ్యంకంటే ఎక్కువ ధర ఇస్తున్నారు. మాగాణిలో దొంగ, మెట్టలో దొర!

ఇంతవరకూ చెప్పినవి మన నేలమీద ముందునుంచీ ఉన్న మొక్కల కథలు. ఇక తోటలకని, అందానికని, లాభానికని బయటినుంచి తెచ్చుకొన్నవాటి కథ వినండి. ఇందులో నష్టం కొంచెం గట్టిదే.

నాగజెముడు మీకు తెలుసు. ముండ్ల కాడలు, ఎర్రని పండ్లు. ఇది అమెరికా ఖండపు మొక్క. దానిమీద కోచినీల్ అనే చిన్న పురుగు, ఒంటిమీద దూది కప్పుకొన్నట్టు తెల్లగా, అంటుకొని బతుకుతుంది. ఆ పురుగును ఎండబెట్టి నూరితే మంచి ఎర్రరంగు వస్తుంది. ఆ రోజుల్లో ఆ రంగు వ్యాపారం అంతా మెక్సికోను ఏలుతున్న స్పెయిను చేతిలో ఉండేది. ఈస్టిండియా కంపెనీకి ఆ లాభం మీద కన్నుపడింది. 1780ల చివర మదరాసులో కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ ఇందుకని జెముడు తోట వేయించాడు. నీళ్ళు పోసి, కావలి పెట్టి జెముడు పెంచారంటే ఇప్పుడు నవ్వు వస్తుంది.

మొక్క ఉంది, పురుగు కావాలి. 1795లో బ్రెజిల్ నుంచి ఓడలో కలకత్తాకు పురుగు చేరింది. కాని అది మేలిరకం కాదు, అడవి రకం. దానినుంచి వచ్చే రంగు నాసిరకం. వ్యాపారం కుదరలేదు. పురుగు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. జెముడు రసం పీల్చి, ఉత్తర హిందూస్థానంలో అప్పటికి వ్యాపించిన ఒక రకం జెముడును తుడిచిపెట్టేసింది. రంగుకోసం తెచ్చిన పురుగు మొక్కను చంపుతున్నదని గ్రహించి, 1836–38 ప్రాంతంలో దాన్ని దక్షిణానికి పనిగట్టుకొని తెచ్చి జెముడు మీద వదిలినారు. ఒక కలుపును చంపటానికి పురుగును ఒకచోటనుంచి ఇంకోచోటికి తీసుకువెళ్ళటం ప్రపంచంలో అదే మొదటిసారి అంటారు. ఆ 50 ఏళ్ళలో జెముడు మర్యాద చూడండి: కంపెనీవారి తోటలో ముద్దుబిడ్డ, తరువాత కంచె మొక్క, ఆ తరువాత చంపవలసిన శత్రువు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ రకం అణగింది గాని, పురుగుకు రుచించని మరొక రకం జెముడు దక్షిణ జిల్లాల్లో బంజర్లను, పొలం గట్లను ఆక్రమించింది. దాన్ని తినే వేరే కోచినీల్ పురుగును 1926లో సింహళం నుంచి తిరునెల్వేలి వైపు తెచ్చి వదిలారు. అయిదారేళ్ళలో వేల ఎకరాలు తేరుకొన్నాయి. అదే కాలంలో ఆస్ట్రేలియాలో జెముడు కోట్ల ఎకరాలు కప్పేస్తే, అర్జెంటీనా నుంచి తెచ్చిన ఒక రెక్కలపురుగు దాన్ని తిని రైతుల్ని గట్టెక్కించింది. అక్కడి క్వీన్స్‌లాండ్ రైతులు 1936లో ఆ పురుగు పేర ఒక స్మారక భవనమే కట్టించుకొన్నారు!

అట్లాగని జెముడు చెడ్డది, పురుగు మంచిది అని తీర్పు చెప్పి లేవకండి. కరువు ఏళ్ళలో ముండ్లు కాల్చి ఆ కాడలే పశువులకు వేసి ప్రాణాలు నిలుపుకొన్న రైతులున్నారు. 2022 నుంచి కేంద్ర భూవనరుల శాఖవారు వాటర్‌షెడ్ పథకాల కింద ముళ్ళులేని జెముడును మేతకని మెట్టభూముల్లో వేయమని ప్రోత్సహిస్తున్నారు. మనం మొక్కిన ఆ రెండో పురుగే 2014లో మొరాకో దేశంలో ప్రత్యక్షమై, అక్కడి రైతులు పండ్లకోసం పెంచుకొనే జెముడు తోటల్ని నాశనం చేసింది. ఒక దేశంలో దేవుడు, ఒక దేశంలో దెయ్యం.

రెండో కథ నీటిది. గుర్రపుడెక్క చూడని డెల్టా రైతు ఉండడు. దక్షిణ అమెరికా మొక్క. ఊదారంగు పువ్వు గుత్తులు చూసి ముచ్చటపడి 19వ శతాబ్దం చివర బెంగాలుకు తెచ్చి, తోటల్లోని కొలనులలో పెంచారు. కొలను గట్టు దాటిన తరువాత దానికి అడ్డే లేకపోయింది. అనుకూలమైన నీళ్ళలో రెండు వారాలకల్లా రెట్టింపు అవుతుంది. పడవలు కదలలేదు, చేపలకు గాలి ఆడలేదు, వరి చేలు మునిగినాయి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బెంగాలు జనం దానికి జర్మనీ పేరు తగిలించారు. 1936లో బెంగాలులో దానికోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఎవరి ఆవరణలోనైనా గుర్రపుడెక్క ఉంచుకోవటం నేరమైంది. అందం కోసం పెంచినవాళ్ళు తోటలున్న కొద్దిమంది. దాన్ని తీయటానికి నీళ్ళలో దిగినవాళ్ళు లక్షలమంది. మన కాలువల్లోనూ, కొల్లేటిలోనూ ఇప్పటికీ తీస్తూనే ఉన్నాము.

మూడోది మన గడ్డమీద జరిగిన కథ. 1876లో మదరాసు రాష్ట్రపు అటవీ అధికారి కర్నల్ బెడ్డోమ్ మెట్ట ప్రాంతాల్లో వంటచెరకు కొరత తీరటానికి ఒక చెట్టు విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి వ్రాశాడు. జమైకా దీవినుంచి విత్తనాలు వచ్చాయి. 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటినారు. వాన లేకపోయినా పెరుగుతుంది, పశువులు ఆకు ముట్టవు, నరికితే మళ్ళీ చిగురిస్తుంది. ఇంకేం కావాలి? కాని పశువులు ఆకు ముట్టకపోయినా తియ్యని కాయలు తిన్నాయి. పేడలో పడిన గింజలు మరింత బాగా మొలిచాయి. చెరువు కట్టలు, వాగులు, బీళ్ళు అన్నీ కంపే. మీకు అర్థమయ్యే ఉంటుంది, అది సర్కారు తుమ్మ.

ఆ పేరు గమనించండి. జనం దాన్ని కంపతుమ్మ అనో, దొంగతుమ్మ అనో అని ఊరుకోలేదు. ఎవరు తెచ్చారో మరిచిపోకుండా పేరులోనే కట్టిపెట్టుకొన్నారు. ఇది నాకు చరిత్ర పుస్తకంతో సమానంగా కనిపిస్తుంది. 1956లో పూనా దగ్గర కనిపించినట్టు నమోదై, అక్కడినుంచి దేశమంతా పాకిన వయ్యారిభామకు కాంగ్రెస్ గడ్డి అని పేరు వచ్చింది. ఆ పేర్లు న్యాయమైనవా కావా అన్నది వేరే సంగతి. కలుపు అనుకొన్నప్పుడు జనం దానికి ఒక బాధ్యుణ్ణి వెతుకుతారని మాత్రం వాటివల్ల తెలుస్తుంది. ఇక సర్కారు తుమ్మకూ రెండో మొహం ఉన్నది. భూమిలేని ఎన్నో కుటుంబాలు దాన్ని కొట్టి, బొగ్గు కాల్చి, ఆ డబ్బుతో గడుపుకొన్నాయి, గడుపుకొంటున్నాయి. పొలమున్నవాడికి కలుపు, పొలం లేనివాడికి పొయ్యిలో మంట.

నాలుగోది లాంటానా. మన వైపు పులికంప అనీ, తలంబ్రాల చెట్టనీ అంటారు. ఇది కూడా అమెరికా ఖండపుదే. 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో కలకత్తా తోటకు అలంకారంగా వచ్చింది. పసుపు, ఎరుపు, గులాబీ కలిసిన పూలు. పిట్టలు పండ్లు తిని గింజలు కొండలమీద రాల్చినాయి. ఇవాళ దేశంలోని అడవుల్లో దాని కింద గడ్డి మొలవక పశువులు, జింకలు అవస్థపడుతున్నాయి. ఆకు తిన్న పశువుకు చర్మం కాలి, పచ్చకామెర్లు వస్తాయి. కర్ణాటకలో మలైమహదేశ్వర కొండల సోలిగులు ఆ కంపతోనే కుర్చీలు, బల్లలు అల్లి అమ్ముతున్నారు. బాధనుంచే బతుకు తీసినవాళ్ళ తెలివిని మెచ్చుకోవాలి.

నేను శుభ్రం చేయించిన ఆ అవ్వ పెరటి మాట చెప్పాను గదా. అన్నీ తవ్వించాను గాని, దడి మూల ఒక మొక్కను మాత్రం పూలు బాగున్నాయని ఉంచమన్నాను. అది ఈ తలంబ్రాల చెట్టే. ఆ పూట అవ్వ దాన్ని చూసి, "ఇది మేకను తీసింది నాయనా. పీకేది ఉంటే దీన్ని పీకాల్సింది" అన్నది. చదువుకొన్నవాడిని కూర పీకి విషం ఉంచాను. ఇది చెప్పుకోవటానికి సిగ్గుగా ఉన్నా, కొత్తగా చేరే విస్తరణ సోదరులకు పనికివస్తుందని చెబుతున్నాను.

ఇప్పుడు కొంచెం వేరే రకం ఉదాహరణ చూద్దాం. ఇది అమెరికాది. అక్కడ ఇళ్ళముందు పచ్చికబయలు పెంచటం పరువు. 1940ల దాకా ఆ పచ్చిక విత్తనాల్లో తెల్ల క్లోవరు విత్తనం కలిపి అమ్మేవారు. క్లోవరు మన బర్సీముకు దాయాది. వేరు బుడిపెలలో నత్రజని నిలుపుకొని పచ్చికకు ఎరువు ఇస్తుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక 2,4-డి అనే కలుపుమందు అంగళ్ళలోకి వచ్చింది. అది వెడల్పాకు మొక్కల్ని చంపి గడ్డిజాతిని వదిలేస్తుంది. పచ్చికలో చల్లితే కలుపుతోబాటు క్లోవరూ చచ్చింది. మందు క్లోవరును వదలలేదు గనుక, క్లోవరునే కలుపుల జాబితాలో చేర్చేశారు! తరువాత తరం క్లోవరు కనిపిస్తే ఇల్లు అశుభ్రంగా ఉన్నదనుకొన్నది. అది ఇచ్చే నత్రజనికి బదులు సంచి ఎరువు కొనటం మొదలైంది. మొక్క ఏమీ తప్పు చేయలేదు. మందుకు తగినట్టు మాట మారింది.

ఈ కథ అమెరికాతో ఆగిపోతే మనకెందుకు? అదే 2,4-డి మన జొన్నలోనూ, మొక్కజొన్నలోనూ చల్లుతున్నాము. మందును నిందించటం నా ఉద్దేశం కాదు. కూలీలు దొరకని వేళ, వరస వానల్లో, అది పంటను కాపాడిన సందర్భాలు నాకు తెలుసు. కాని మందుకు కూరా, కలుపూ తేడా తెలియదు. చేలో కలుపు తీసే స్త్రీలు సాయంత్రం ఒళ్ళో చెంచలికూర, గురుగు, తుమ్మి, పాయలకూర కట్టుకొని ఇంటికి వెళ్ళేవారు. కూలి డబ్బుతోబాటు అది రెండో కూలి. ఏ లెక్కల పుస్తకంలోనూ దాన్ని వ్రాయలేదు. మందు చల్లిన చేలో ఆ రెండో కూలి లేదు. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది పేద దళిత స్త్రీలు, సాగుచేయకుండా పొలాల్లో వాటంతట అవే మొలిచే ఇటువంటి కూరల్ని పేరుపేరునా గుర్తించి, వాటికి విలువ ఉన్నదని లోకానికి చాటారు. అక్షరం రాని ఆ స్త్రీలకు తెలిసిన జాబితా మా శాఖల కరపత్రాల్లో లేదు. మా జాబితా పంట దిగుబడి వైపునుంచి వ్రాసినది. వాళ్ళ జాబితా వంటగది వైపునుంచి వ్రాసినది. రెండూ అబద్ధాలు కావు. కాని మా జాబితాకే ప్రభుత్వపు ముద్ర ఉంటుంది.

ముద్ర మాట వచ్చింది గనుక చట్టం సంగతి కూడా చెప్పాలి. 1919లో మదరాసు రాష్ట్రంలో వ్యవసాయపు పురుగులు, తెగుళ్ళ చట్టం చేశారు. అందులో హానికరమైన కలుపు మొక్కల్నీ చేర్చారు. ఏ మొక్క హానికరమో గెజెట్టులో ప్రకటించే అధికారం ప్రభుత్వానిది. ప్రకటించిన తరువాత ఆ భూమిలో ఉన్నవాడు దాన్ని తీసివేయాలి. తీయకపోతే అధికారులే తీయించి ఖర్చు వసూలు చేయవచ్చు. ఇటువంటి చట్టం అవసరమే. ఎందుకంటే గుర్రపుడెక్క పై కాలువవాడు వదిలేస్తే కింది కాలువవాడు మునుగుతాడు. ఒకడి ముచ్చట పదిమందికి ముప్పు అయినప్పుడు, అది వాడి సొంత వ్యవహారం కాదు.

ఈనాటి పరిస్థితి చూసినా పాఠం మారలేదు. ఈమధ్య ఏళ్ళలో పట్నాల్లో, రోడ్ల మధ్యన పచ్చగా, గోపురంలా పెరుగుతుందని కోనోకార్పస్ మొక్కలు వరసలు వరసలుగా నాటినారు. మన తెలుగు ఊళ్ళల్లోనూ నాటినారు. ఆ తరువాత దాని పుప్పొడి వల్ల ఉబ్బసం అనీ, వేళ్ళు పైపుల్లోకి పోతాయనీ ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో, తమిళనాడు ప్రభుత్వం 2025లో దాన్ని నాటవద్దని ఉత్తర్వులు ఇచ్చాయి. హాని ఎంతమాత్రం ఉన్నదనే విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఏమైనా, తెచ్చేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు నరికేటప్పుడు వేసుకొంటున్నాము. జెముడు నాటినప్పుడూ ఇంతే, సర్కారు తుమ్మ చల్లినప్పుడూ ఇంతే.

అయితే కలుపు అనేది లేనే లేదా, అంతా మన భ్రమేనా అని మీరు అడగవచ్చు. అట్లా అనుకొంటే పంట ఇంటికి రాదు. వయ్యారిభామ తగిలితే చర్మం దద్దురు లేస్తుంది, కొందరికి ఊపిరి సలపదు. దాన్ని ఎవరి వైపునుంచి చూసినా మేలు కనిపించదు. పైరుకు మొదటి నెలా, నెలన్నరా కలుపు వదిలేస్తే, తరువాత ఎంత తీసినా పోయిన దిగుబడి తిరిగిరాదు. ఆ మాట రైతుకు నేను నేర్పనక్కరలేదు. నేను చెప్పేదల్లా, ‘కలుపు’ అనేది మొక్కకు పుట్టుకతో వచ్చిన పేరు కాదు, మనం ఇచ్చే తీర్పు. తీర్పు ఇచ్చేవాడు సాక్ష్యం వినాలి గదా!

అందుచేత పీకేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోమని మనవి.

ఒకటి, ఇది ఎక్కడ ఉన్నది? బెండ మొదట్లో ఉంటే తీయండి. దడి పక్కన ఎవరికీ అడ్డం లేకుండా ఉంటే ఉండనివ్వండి.

రెండు, ఇది ఎంత వేగంగా, ఏ దారిన పాకుతుంది? గాలికి, నీటికి, పిట్టలకు, పశువుల పేడకు అంది పోయేదైతే జాగ్రత్త పడండి. పూత పట్టకముందే తీయండి. పూచిన తరువాత తీస్తే, గింజల్ని మీరే చల్లినట్టు.

మూడు, ఇది ఎవరికి పనికివస్తుంది? ఇంట్లో ఆడవాళ్ళను, ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి. పేరు తెలియని ఆకును కూరగా వండవద్దు. మందు చల్లిన నేలలోని ఆకును అసలే వండవద్దు. కూరకోసం వదిలిన మడిలో కలుపుమందు తగలకుండా చూసుకోండి. జొన్నలో 2,4-డి చల్లేటప్పుడు పక్కన పత్తి ఉంటే, గాలికి ఆవిరి తగిలినా పత్తి ఆకులు ముడుచుకుపోతాయని మరిచిపోకండి.

నాలుగు, దీనివల్ల నష్టపోయేది ఎవరు? నష్టం నాదైతే నా ఇష్టం. పొరుగువాడిదైతే వాడినీ అడగాలి. నర్సరీలో ముచ్చటగా కనిపించిన కొత్త మొక్కను కొనేముందు, అది ఏ దేశానిది, గింజ ఎట్లా పోతుంది అని అడగండి. కుండీలోని, తొట్టిలోని నీటిమొక్కలు ఎక్కువైతే కాలువలోకి విసరకండి. గట్టుమీద ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి.

విస్తరణలో పనిచేసే సోదరులకు ఒక చిన్న మాట. ఊరికి వెళ్ళినప్పుడు మన జాబితాతోబాటు ఒక తెల్లకాగితం కూడా పట్టుకు వెళ్ళండి. కలుపు తీసే స్త్రీల పక్కన కూర్చుని, ఒక్కొక్క మొక్క చూపి పేరు, ఉపయోగం అడిగి వ్రాసుకోండి. మన జాబితాలో ఉన్నవి ఎన్ని వాళ్ళ కూరలో ఉన్నాయో, మనం అందమని మెచ్చుకొన్నవి ఎన్ని వాళ్ళ మేకల్ని చంపినాయో తెలుస్తుంది. నేను ఆ అవ్వ దగ్గరికి మళ్ళీ వెళ్ళి అట్లాగే వ్రాసుకొన్నాను. వెళ్ళేటప్పుడు పక్క ఊరి చెరువు గట్టునుంచి పొన్నగంటి కాడలు నాలుగు తీసుకువెళ్ళి, ఆమె నీళ్ళ గోలెం పక్కన నేనే నాటివచ్చాను. ఆ మూల ఇప్పుడు ఎవరూ తవ్వరు.

మీ పెరటికి ఈ వానాకాలం వచ్చే మొక్కల్లో ఏది ఉంచాలో, ఏది తీయాలో ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించండి.